పూలచెట్టు నీరసిస్తోందా? ముందు గుంతను చూడండి

హైదరాబాద్‌లో ఇంటి ముందు నాటిన పూలచెట్టు వాడిపోగానే చాలామంది ఎరువు కొనుక్కొస్తారు. నేను ముందు గడ్డపార అందుకుంటాను. తప్పు తరచుగా నాటిన చోటులోనే ఉంటుంది.

వానాకాలంలో ఆకులు పసుపెక్కి రాలుతున్నాయా?
నీళ్లు చాలలేదని ఇంకా పోయకండి. మన ఊరి నేల కింద గ్రానైటు, దానిమీద గట్టి మొరం. పైన ఎర్రమట్టి కొన్నిచోట్ల జానెడే. మొరంలో తవ్విన గుంత తొట్టిలా నీరు పట్టి ఉంచుతుంది. గాలి అందక వేళ్లు కుళ్లుతాయి. దేవగన్నేరు దీన్ని అసలు ఓర్చుకోదు. కాండం మొదలును బొటనవేలితో నొక్కి చూడండి; మెత్తగా దిగితే ఆ మొక్క దక్కదు. పైన గట్టిగా ఉన్న కొమ్మను కోసి, వారం రోజులు నీడన ఆరబెట్టి వేరేచోట నాటితే బతుకుతుంది.

నాటబోయేవారు ముందే రెండడుగుల గుంత తీసి, సాయంత్రం నీళ్లు నింపండి. తెల్లవారేసరికి ఇంకకపోతే అడుగున మొరాన్ని పగలగొట్టండి. గడ్డపార ఖంగుమంటే అది రాయి. అక్కడ లోతుకు పోకుండా, అడుగున్నర ఎత్తున మట్టి దిబ్బ పోసి దానిమీద నాటండి.

లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయా?
ఇనుము అందడం లేదు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన సిమెంటు పెళ్లలను ప్రహరీ పక్కనే పూడ్చేస్తారు. వాటివల్ల మట్టి క్షారంగా మారి, ఇనుము ఉన్నా వేళ్లకు దొరకదు. ఇనుము మందు పిచికారీ చేస్తే కొన్నాళ్లు పచ్చబడుతుంది, అంతే. పెళ్లలు ఏరి, చుట్టూ మట్టి మార్చి, మాగిన పశువుల ఎరువు కలపాలి.

రేల చెట్టు పూయడం లేదా?
గింజ నుంచి పెరిగిన రేలకు కొన్నేళ్లు ఆగక తప్పదు. వయసు వచ్చినా పూయకపోతే, పక్క అపార్ట్‌మెంటు నీడ ఎంతసేపు పడుతోందో గమనించండి. రోజుకు ఆరు గంటల ఎండ లేనిచోట రేల వద్దు, పారిజాతం పెట్టుకోండి.

ప్రహరీ బీటలు వారుతోందా?
గోడ పక్కన సీమ తురాయి ఉంటే ఆశ్చర్యం లేదు. దాని వేళ్లు పైపైనే దూరం పాకుతాయి. ఒకవైపు వేళ్లు నరికేస్తే చెట్టు గాలివానకు ఒరుగుతుంది, ఆ పని మాత్రం చేయకండి. బరువైన కొమ్మలు తగ్గించి, ఆ మేర గోడను తిరిగి కట్టేటప్పుడు వేరు దాటేలా సందు వదలండి. కొత్తగా నాటేవారు గోడకు, సంపుకు ఇరవై అడుగులైనా ఎడం ఉంచాలి.

చోటు మార్చక తప్పని చిన్న మొక్కను జూన్‌లో తొలకరి పడ్డాక, వేళ్ల చుట్టూ మట్టి చెదరకుండా సాయంత్రం పూట తీయండి.