బ్రహ్మోత్సవాల రద్దీకి ముందే పాత కారు జీపీఎస్‌లో కొత్త సాఫ్ట్‌వేరు: పాటించవలసిన జాగ్రత్తలు

పది పన్నెండేళ్ల కిందట కారు అద్దానికి అతికించుకున్న జీపీఎస్ పెట్టెలు తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో ఇప్పటికీ చాలా ఇళ్ల బీరువాల్లోనూ, అద్దె కార్ల డ్యాష్‌బోర్డు అరల్లోనూ పడి ఉన్నాయి. వాటికి కొత్త మ్యాపులు రావడం ఎప్పుడో ఆగిపోయినా, తెర, రిసీవరు, స్పీకరు బాగానే పనిచేస్తుంటాయి కనుక, వేరే నావిగేషన్ సాఫ్ట్‌వేరు ఎక్కించి వాడుకోవాలనుకోవడం సబబైన ఆలోచనే. చేతిలో ఫోను ఉండగా ఇదెందుకని అడిగేవారికి, ఘాటు మలుపుల్లో ఫోను సిగ్నల్ పోయి తెర మీది మ్యాపు గళ్లుగళ్లుగా మిగిలిపోయిన నాడు సమాధానం దొరుకుతుంది.

అయితే ఇది ప్రయాణానికి ముందు రోజు రాత్రి కూర్చుని చేసే పని కాదు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో శ్రీవారి బ్రహ్మోత్సవాలు, తమిళుల పెరటాసి నెల శనివారాల రద్దీ వస్తాయి. ఆ వెనువెంటనే ఈశాన్య రుతుపవనాల వానలు మొదలవుతాయి. 2021 నవంబరులో కురిసిన వానలకు తిరుమల ఘాటు రోడ్లు మూతపడిన సంగతి, ఆ తరువాత కొండచరియలు విరిగి రోడ్డు మీద పడిన సంగతి ఈ ప్రాంతం వారెవరూ మరచిపోలేదు. అటువంటి కాలంలో సగం పనిచేసే జీపీఎస్ కంటే అసలు జీపీఎస్ లేకపోవడమే మేలు. కాబట్టి ఈ పనిని కనీసం మూడు వారాల ముందు మొదలుపెట్టి, తెలిసిన దారుల్లో పరీక్షించి, నమ్మకం కుదిరిన తరువాతే కొత్త దారికి తీసుకుపోవాలి.

మొత్తం పనికి నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. మెమరీ కార్డు బయటికి తీసేస్తే పరికరం మళ్లీ పాత స్థితికి వచ్చేటట్లుంటే ఆ మార్పు చేయవచ్చు. కార్డు తీసినా పోకుండా లోపల మిగిలిపోయే మార్పు అయితే దాని జోలికి పోరాదు. ఈ నియమం నాకు నష్టపోయాకే తెలిసింది. మొదటిసారి ఈ పని చేసినప్పుడు, పరికరంతో పాటు వచ్చిన అసలు కార్డునే కంప్యూటరులో పెట్టి, ‘చోటు చాలడం లేదు’ అనుకొని ఫార్మాట్ చేశాను. ఆ కార్డులో ఉన్నవి మ్యాపులు మాత్రమే కావు. సాఫ్ట్‌వేరు లైసెన్సు కూడా ఆ కార్డుకే ముడిపడి ఉంది. కొత్త సాఫ్ట్‌వేరు పనిచేయలేదు, పాతది తిరిగి రాలేదు. అద్దె కారు నడిపే మా పొరుగాయన అదంతా చూసి, ‘ఉన్నదాన్ని పక్కన బెట్టి వేరే కార్డులో జేసుకోవాల్సింది గదా సామీ’ అన్నాడు. ఆయనకు కంప్యూటరు తెలియదు గాని, స్టెప్నీ లేకుండా ఘాటు ఎక్కకూడదని తెలుసు.

ముందుగా మీ పరికరం ఏ జాతిదో తేల్చుకోవాలి. ఆ కాలపు పెట్టెల్లో చాలావాటిలో విండోస్ సీఈ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ 5.0 గాని 6.0 గాని ఉంటుంది. సెట్టింగుల్లో ‘సిస్టమ్ సమాచారం’ దగ్గర ఆ సంఖ్య కనిపిస్తుంది. పేరులో విండోస్ ఉన్నంత మాత్రాన కంప్యూటరులో నడిచే ప్రోగ్రాము ఇక్కడ నడవదు; ఈ పెట్టెల్లో ఉండే ఏఆర్‌ఎం రకం ప్రాసెసరు కోసం, సీఈ కోసం ప్రత్యేకంగా తయారుచేసిన ప్రతి కావాలి. 5.0లో ఒక్కొక్క ప్రోగ్రాముకు దక్కే మెమరీ చోటు 32 ఎంబీ మాత్రమే కనుక, దేశమంతటి మ్యాపు ఒకేసారి ఎక్కిస్తే మధ్యలో ఆగిపోవచ్చు. ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటకల వరకు కత్తిరించిన మ్యాపు మన అవసరాలకు చాలు. తెర కొలత కూడా చూసుకోవాలి. 4.3 అంగుళాల తెరల్లో సాధారణంగా 480 అడ్డం, 272 నిలువు చుక్కలు ఉంటాయి. 800, 480 చుక్కల తెర కోసం చేసిన సాఫ్ట్‌వేరు వేస్తే కింది వరుస బటన్లు తెర బయటికి పోతాయి, వాటిని నొక్కే దారి ఉండదు. గార్మిన్ నువి వంటి పరికరాల సంగతి వేరు. వాటిలో సాఫ్ట్‌వేరు మార్చే ప్రయత్నం మానుకోవాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ (ఔత్సాహికులు కలిసి తయారుచేసే ఉచిత మ్యాపు) సమాచారంతో తయారైన మ్యాపు ఫైలును మాత్రం కార్డులో పెట్టి వాడుకోవచ్చు, చాలామందికి అంతకు మించి అవసరం కూడా ఉండదు.

సాఫ్ట్‌వేరు ఎంపికలో ఒక హెచ్చరిక. లైసెన్సు తాళం పగలగొట్టి చేతులు మారుతున్న ప్రతులు తేలికగా దొరుకుతాయి. అవి చట్టవిరుద్ధమన్నది ఒక సంగతి, ఏ చేతుల మీదుగా వచ్చాయో, వాటిలో ఎవరు ఏమి కలిపారో తెలియకపోవడం మరొక సంగతి. నవిట్ వంటి ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేరుకు విండోస్ సీఈ ప్రతి ఉంది, అది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారాన్ని వాడుకుంటుంది. రూపం మోటుగా ఉంటుంది, అమరికలన్నీ ఒక టెక్స్టు ఫైలులో చేత్తో రాసుకోవాలి. ఓపిక లేనివారికి అది తగదు. ఆ ఫైలును మార్చేటప్పుడు ఒక్క గుర్తు తప్పిపోయినా ప్రోగ్రాము తెరుచుకోదు కనుక, మార్చే ముందు దానికి నకలు పెట్టుకోవడం తప్పనిసరి.

ఇక బ్యాకప్. మీరు మిగిలినవన్నీ తొందరగా చదివినా ఇక్కడ మాత్రం ఆగాలి. పరికరాన్ని కంప్యూటరుకు కలిపినప్పుడు లోపలి మెమరీ ఒక డ్రైవుగా కనబడుతుంది. దాచి ఉంచిన ఫైళ్లు కూడా కనిపించేటట్లు కంప్యూటరులో అమర్చుకొని, ఆ డ్రైవు మొత్తాన్ని ఒక ఫోల్డరులోకి నకలు చేయాలి. అసలు కార్డు ఉంటే దాన్ని మరొక ఫోల్డరులోకి నకలు చేసి, ఆ కార్డును కవరులో పెట్టి తేదీ రాసి పక్కన పెట్టేయాలి. నకలు అయిన తరువాత ఫైళ్ల సంఖ్య, మొత్తం పరిమాణం రెండువైపులా ఒక్కటేనా అని సరిచూడాలి. మధ్యలో ఒక్క ఫైలు దగ్గర ఆగినా అది పూర్తి బ్యాకప్ కాదు. పరికరం కంప్యూటరుకు కనబడకపోతే చెడిపోయిందని కంగారు పడనక్కరలేదు. కారులో చార్జింగ్‌కు వాడే మినీ యూఎస్‌బీ కేబుళ్లలో చాలావాటికి డేటా తీగలే ఉండవు, కేబులు మార్చి చూడాలి. పని ముగిశాక కేబులు లాగేయకుండా, కంప్యూటరులో ‘సురక్షితంగా తొలగించు’ అనే ఆజ్ఞ ఇచ్చిన తరువాతే తీయాలి.

కొత్త కార్డు కొనేటప్పుడు పెద్దదే మంచిదనుకోవద్దు. మరీ పాత పరికరాలు 2 జీబీకి మించిన కార్డును గుర్తించవు; తరువాతి తరానివి ఎస్‌డీహెచ్‌సీ రకం, అంటే 32 జీబీ వరకు చదువుతాయి. 64 జీబీ కార్డు ఎక్స్‌ఫ్యాట్ అనే, పాత పరికరాలకు తెలియని ఫైళ్ల అమరిక పద్ధతిలో వస్తుంది కనుక పాత పెట్టెకు అది ఖాళీ అరతో సమానం. 4 లేదా 8 జీబీ కార్డును ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసుకుంటే సరిపోతుంది. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీకి మించి ఉండటానికి వీల్లేదన్నది గుర్తుంచుకోవాలి. తరువాత కార్డులో సాఫ్ట్‌వేరు ఫోల్డరు పెట్టి, పరికరం సెట్టింగుల్లో ‘నావిగేషన్ దారి’ అనే చోట ఆ ప్రోగ్రామును చూపాలి. కార్డు తీసినా ఈ అమరిక లోపలే మిగిలిపోతుంది, నా నియమానికి ఇదొక్కటే మినహాయింపు. అందుకే ఆ దారి ముందు ఏమి రాసి ఉందో కాగితం మీద రాసుకోవడమో, ఫోనుతో ఫోటో తీసుకోవడమో చేయకుండా దాన్ని మార్చవద్దు. కొన్ని పరికరాల్లో ఈ ఎంపిక ఉండదు, కార్డులో ఒక నిర్దిష్టమైన పేరున్న ఫోల్డరు కోసమే అవి వెతుకుతాయి. అప్పుడు కొత్త ప్రోగ్రాముకు ఆ పేరే పెట్టాలి గాని, లోపలి మెమరీలోని ఫైళ్లను చెరపరాదు. ఫర్మ్‌వేరు, అంటే పరికరాన్ని నడిపే మూల సాఫ్ట్‌వేరు, మార్చే ఫైళ్లు ఎవరైనా ఇచ్చినా తీసుకోవద్దు. వేరే మోడలుకు చేసిన ఫర్మ్‌వేరు పడితే పెట్టె మళ్లీ వెలగకపోవచ్చు.

ప్రోగ్రాము తెరుచుకుని, మ్యాపు కనబడి, ఉపగ్రహాలు మాత్రం ఒక్కటీ దొరకకపోవడం అందరికీ ఎదురయ్యే చిక్కే. రిసీవరు ఏ పోర్టు (సమాచారం వచ్చే ద్వారం) మీద, సెకనుకు ఎన్ని బిట్ల వేగంతో మాట్లాడుతోందో కొత్త సాఫ్ట్‌వేరుకు తెలియకపోవడమే దీనికి కారణం. వేగం 4800 కావచ్చు, 9600, 38400, 57600 కావచ్చు. పోర్టు కామ్1 కావచ్చు, కామ్7 కావచ్చు. పాత సాఫ్ట్‌వేరు అమరికల్లో ఈ రెండు సంఖ్యలూ ఉంటాయి, అవే ఇక్కడ ఇవ్వాలి. పాత ప్రోగ్రాము వెనుక నడుస్తూ ఉంటే అది పోర్టును పట్టుకొని వదలదు, కాబట్టి రెండింటినీ ఒకేసారి తెరవరాదు. సంఖ్యలు సరిపోయినా, చాలాకాలం మూలన పడి ఉన్న రిసీవరుకు ఉపగ్రహాల పట్టిక మొత్తం మళ్లీ అందడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. కారును చెట్టు కిందో, సెల్లారులోనో కాక ఆకాశం కనబడే ఖాళీ స్థలంలో ఇరవై నిమిషాలు కదలకుండా ఉంచాలి. అంతా కుదిరాక తేదీ చూడండి. అది దాదాపు పంతొమ్మిదిన్నరేళ్లు వెనక్కు చూపిస్తుంటే తప్పు మీ సాఫ్ట్‌వేరుది కాదు. జీపీఎస్ వ్యవస్థలో వారాల లెక్క 1024కు చేరాక మళ్లీ సున్నాకు వస్తుంది, 2019 ఏప్రిల్ 6 రాత్రి అలా జరిగింది, దాన్ని తట్టుకునేలా తయారుకాని పాత రిసీవర్లు కొన్ని అక్కడ తడబడ్డాయి. స్థానం సరిగానే ఉంటే దాన్ని వాడుకోవచ్చు గాని, చేరే సమయం లెక్కలను నమ్మవద్దు.

ఎండ విషయం మన ఊళ్లో చెప్పనక్కరలేదు. పాత లిథియం బ్యాటరీ ఉబ్బి, పెట్టె వెనుక మూత లేచినట్లు కనబడితే ఆ పరికరానికి చార్జింగు పెట్టవద్దు, ఈ పని దాని మీద మొదలే పెట్టవద్దు. బాగున్నదాన్నయినా అలిపిరి పార్కింగులో ఎండకు వదిలి పోరాదు.

సాఫ్ట్‌వేరు నిలదొక్కుకున్నాక, అది చూపే దారి నిజమైనదా అన్న పరీక్ష మిగులుతుంది. దీనికి తిరుమలను మించిన పరీక్షాస్థలం లేదు. కొండ ఎక్కేది రెండో ఘాటు రోడ్డు, దిగేది మొదటి ఘాటు రోడ్డు. ఇంట్లో కూర్చునే అలిపిరి నుంచి తిరుమలకు, తిరుమల నుంచి అలిపిరికి వేర్వేరుగా దారి అడగండి. ఎక్కడానికి దిగే రోడ్డును చూపిస్తే, ఆ మ్యాపులో ఏకదిశ నియమాలు లేవని, లేదా ఆ సాఫ్ట్‌వేరు వాటిని పట్టించుకోవడం లేదని అర్థం. దాన్ని ఏ ఊళ్లోనూ నమ్మరాదు. ప్రయాణ రకం ‘కారు’ అని ఉందో లేదో కూడా చూడండి, ‘నడక’ అని ఉంటే అది నిస్సంకోచంగా మిమ్మల్ని అలిపిరి 3,550 మెట్ల వైపు తిప్పుతుంది. తరువాత తిరుపతి నగరంలో 2023లో ప్రారంభమైన శ్రీనివాస సేతు అనే పైవంతెన మ్యాపులో ఉందేమో చూడాలి. ఉన్నా కూడా, మీరు వంతెన పైన ఉన్నారా కింద ఉన్నారా అన్నది పాత రిసీవరు తేల్చుకోలేక తప్పు మలుపు చెప్పవచ్చు. అక్కడ బోర్డులే దిక్కు.

పాత మ్యాపుల్లో రోడ్ల సంఖ్యలు మారక ముందువి ఉంటాయి. కర్నూలు, కడపల మీదుగా చిత్తూరుకు వచ్చే రహదారి అప్పట్లో 18, ఇప్పుడు 40. మదనపల్లె, తిరుపతి, రేణిగుంట, పుత్తూరుల మీదుగా చెన్నైకి పోయే పాత 205 ఇప్పుడు 71, 716గా విడిపోయింది. రోడ్డు మీది బోర్డుకూ, పెట్టె చెప్పే సంఖ్యకూ పొంతన లేదని కారును వెనక్కు తిప్పిన వారిని చూశాను. సంఖ్య మారింది గాని దారి అదే. ఊరు వెతికేటప్పుడు జిల్లా అడిగితే తిరుపతిని చిత్తూరు కింద వెతకవలసి రావచ్చు, ఎందుకంటే వేరు జిల్లా అయింది 2022 ఏప్రిల్ 4న. ఊరి పేర్లు తెలుగు లిపిలో ఉన్న మ్యాపు వేస్తే చాలా పాత పెట్టెల్లో అక్షరాలకు బదులు గళ్లు కనబడతాయి. ఇంగ్లీషు అక్షరాల్లోనేమో పూతలపట్టును, తిరుచానూరును తలో తీరున రాస్తారు. అందుచేత ముఖ్యమైన చోట్లను అక్షాంశ రేఖాంశాలతో ముందే భద్రపరచుకోవడం మంచిది, కానీ దశాంశాలకూ నిమిషాలకూ తేడా గమనించాలి. 13.50 డిగ్రీలను 13 డిగ్రీల 50 నిమిషాలుగా నమోదు చేస్తే గమ్యం సుమారు 37 కిలోమీటర్లు ఉత్తరానికి జరిగిపోతుంది.

వానాకాలంలో ‘అతి దగ్గరి దారి’ అనే ఎంపికను తీసేసి ‘త్వరగా చేరే దారి’ పెట్టుకోవాలి, మట్టి రోడ్లు వద్దనే ఎంపిక ఉంటే దాన్ని ఉంచాలి. దగ్గరి దారి అడిగితే ఈ సాఫ్ట్‌వేర్లు మామిడి తోటల మధ్య బండి బాటల్లోకి, వంకల మీది చప్టాల పైకి తీసుకుపోతాయి. చప్టా మీద నీళ్లు పారుతున్నాయో లేదో ఏ మ్యాపుకూ తెలియదు. అలాగే బ్రహ్మోత్సవాల రోజుల్లో పోలీసులు మళ్లించే దారులు, రాత్రివేళ ఘాటు మూసే సమయాలు ఇందులో ఉండవు. కానిస్టేబుల్ చెయ్యి ఒకవైపు చూపితే, పెట్టె ‘వెనక్కు తిరగండి’ అని ఎన్నిసార్లు అరిచినా శబ్దం తగ్గించి ముందుకు సాగాలి.

బయలుదేరే రోజున గమ్యాన్ని కారు కదలక ముందే నమోదు చేసి, పెట్టెను డ్రైవరు చూపుకు అడ్డురాకుండా అద్దం కింది మూలలో బిగించాలి. తేదీ రాసి పెట్టిన అసలు కార్డును ఇంట్లో వదలకుండా, కారు కాగితాలతో పాటు అదే అరలో పెట్టుకోండి. దారిలో కొత్త సాఫ్ట్‌వేరు మొరాయిస్తే కారును పక్కకు ఆపి, పరికరాన్ని ఆర్పి, కార్డు మార్చి, ఫోటోలో ఉన్న పాత ‘నావిగేషన్ దారి’ని తిరిగి ఇచ్చి వెలిగించడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల పనిని కూడా ఇంటి దగ్గర ఒకసారి చేసి చూసుకోవాలి.