పెరటి కోళ్లకు నట్టల మందు వేసే ముందు

గుంటూరు చుట్టుపక్కల వానలు పడి పెరడు చిత్తడిగా మారిన తరువాత, కోడి బాగానే మేస్తున్నా రొమ్ము ఎముక చేతికి గుచ్చుకునేంతగా చిక్కిపోతే నట్టలను, అంటే పేగుల్లోని పురుగులను, అనుమానించాలి. రెట్టలో సేమ్యా పోగుల్లాంటి తెల్లని పురుగులు కనిపిస్తే అవి సాధారణంగా ఏలికపాములు. బియ్యపు గింజల్లాంటి ముక్కలైతే బద్దెపురుగులు. ఎక్కువమంది వాడే పైపరజీన్ అనే నట్టల మందు మొదటివాటిపై పనిచేస్తుందే గాని రెండోవాటిని కదిలించలేదు. అందువల్ల రెట్టను చిన్న డబ్బాలో పశువైద్యశాలకు తీసుకువెళ్లి పరీక్ష చేయించి, కోడిని గుడ్డసంచిలో ఉంచి తూచిన బరువు చెప్పి మోతాదు రాయించుకోవాలి. గేదెలకు తెచ్చిన సీసాలో మిగిలిన మందును కంటి అంచనాతో పోయడం నాకు ఏమాత్రం నచ్చని అలవాటు. నీటిలో కలిపే మందైతే తెల్లవారగానే, కోళ్లు కొద్ది గంటల్లో తాగేయగలిగినంత నీటిలోనే కలిపి పెట్టాలి, ఎందుకంటే మందునీరు తాగించడానికని మన ఎండల్లో వాటిని మధ్యాహ్నం దాకా దప్పికతో ఉంచడం ప్రాణాంతకం. పైపరజీన్‌కు పెద్ద పురుగులు పడిపోయినా పిల్లపురుగులు మిగిలిపోతాయి కనుక, వైద్యుడు చెప్పిన గడువుకు, మామూలుగా 2, 3 వారాలకు, మళ్లీ వేయాలి. మరునాడు గూటిలోని ఊకను రెట్టతో సహా ఎత్తివేసి పొడి ఊక పరవండి. గుడ్లు ఎన్నాళ్లు తినకూడదో వైద్యుణ్ణి అడిగి, ఆ తేదీని వంటింటి క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి.