రెండు ఇంజన్ల పెద్ద ఆర్సీ విమానం: ఒక ఇంజన్ గాలిలో ఆగితే ఏం చేయాలి, ఆగకుండా ఏం చేయాలి

రిమోట్‌తో ఎగరేసే ఒక్క ఇంజన్ ఆర్సీ విమానాలతో చేయి తిరిగాక చాలామందికి కన్ను పడేది డకోటా మీదే, అంటే పాతకాలపు రెండు ఇంజన్ల డీసీ-3 విమానం నమూనా మీదే. 1945లో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి నడిపినవి కూడా ఈ డకోటాలే, కాబట్టి మన వైపు వాళ్లకు దాని మీద కొంచెం ఎక్కువ మోజు ఉంటే తప్పు లేదు. అసలు విమానం రెక్క దాదాపు 29 మీటర్లు, పదో వంతుకు తగ్గించినా 2.9 మీటర్లు వస్తుంది. రెక్క విప్పి తీసుకుపోయేలా కట్టుకోకపోతే బొలెరో ట్రాలీ మాట్లాడుకోవాల్సిందే.

నా మొదటి ట్విన్ (రెండు ఇంజన్లది) నాలుగో ఫ్లైట్‌కే పోయింది. చిట్యాల దగ్గర ఎండిన చెరువు శిఖంలో టేకాఫ్ చేశా, ఇరవై అడుగులు లేచిందో లేదో ఒక ఇంజన్ ఆగింది, ఏది ఆగిందా అని నేను ఆలోచిస్తూ అలవాటుగా ఎలివేటర్ (ముక్కును పైకీ కిందకీ కదిపే తోక పలక) లాగాను, అది వెల్లకిలా తిరిగి పక్కన పత్తి చేనులో పడింది. మొత్తం రెండు సెకన్లు. అందుకే ఇంజన్ ఎలా బిగించాలి, రంగు ఎలా వేయాలి అనేవి ఇక్కడ చెప్పను, అవి మాన్యువల్‌లో ఉంటాయి.

ఆగకుండా చూసుకోవడం నుంచి మొదలుపెడదాం. ప్రతి ఇంజన్‌కు ట్యాంక్ వేరు, ఇగ్నిషన్ బ్యాటరీ వేరు, థ్రాటిల్‌ను కదిపే సర్వో మోటార్ వేరు, ఆ సర్వోలు కూడా చేతిలోని ట్రాన్స్‌మిటర్‌లో వేరు వేరు చానెళ్ల మీద ఉండాలి. ఒకే సర్వోతో పొడవాటి కడ్డీలు పెట్టి రెండింటినీ లాగుదామనే పొదుపు వద్దు. కొత్త ఇంజన్లను విమానానికి బిగించేముందే స్టాండ్ మీద కొన్ని లీటర్ల పెట్రోల్ అయ్యేదాకా తిప్పండి. ఇది బోర్ కొట్టే పనే, పక్కింటివాళ్లు తిడతారు కూడా, కానీ సరిగ్గా అరగని కొత్త ఇంజన్ గాలిలో ఆగే అవకాశం ఎక్కువ.

నీడిల్, అంటే కార్బురేటర్‌లో పెట్రోల్ ఎంత వెళ్లాలో సర్దే స్క్రూ, దాని విషయంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. రెండు ఇంజన్లూ ఒకే ఆర్‌పీఎం చూపించాలని ఒకదాన్ని లీన్ చేస్తారు, అంటే దానికి వెళ్లే పెట్రోల్ తగ్గిస్తారు. అలా చేయొద్దు. ఒక్కో ఇంజన్‌ను విడిగా ఫుల్ థ్రాటిల్‌లో పెట్టి, టాకోమీటర్‌లో గరిష్ఠ ఆర్‌పీఎం దాకా తీసుకెళ్లి, అక్కడి నుంచి 200, 300 తగ్గేదాకా నీడిల్ తెరవండి. తర్వాత ఇద్దరు పట్టుకుని ముక్కు పైకెత్తి అలాగే పదిహేను సెకన్లు ఉంచండి, గొంతు మారితే ఇంకొంచెం తెరవాలి. ఆపైన అర నిమిషం ఐడిల్‌లో ఉంచి ఒక్కసారిగా థ్రాటిల్ ఇవ్వండి, తడబడితే లో నీడిల్ (తక్కువ వేగానికి ఉండే రెండో స్క్రూ) చూడాలి. ఐడిల్ మరీ తక్కువ పెట్టకండి, 1800 దగ్గర ఉన్నా నష్టం లేదు. మే నెల ఎండలో సరిగ్గా కుదిరిన నీడిల్ డిసెంబర్ పొద్దున లీన్ అవుతుంది, చల్లగాలి చిక్కగా ఉంటుంది కాబట్టి. అప్పుడు మళ్లీ తెరుచుకోవాలి.

ఇప్పుడు రెండూ కలిపి నడపండి. ఆర్‌పీఎం తేడా ఉంటే శబ్దం ఊం... ఊం... అని అలలు అలలుగా వస్తుంది. తేడా తగ్గేకొద్దీ ఆ అల సాగుతుంది, కలిసినప్పుడు దాదాపు మాయమవుతుంది. ముందు లింకేజీ సమానం చేయండి, మిగిలింది ట్రాన్స్‌మిటర్‌లోని థ్రాటిల్ కర్వ్‌లో (స్టిక్ ఎంత కదిపితే థ్రాటిల్ ఎంత తెరుచుకోవాలో పెట్టే సెట్టింగ్) సరిచేయండి, ఎక్కువ తిరిగేదాన్ని కొంచెం తగ్గించాలి తప్ప తక్కువ తిరిగేదాన్ని నీడిల్‌తో పెంచొద్దు. వంద ఆర్‌పీఎం తేడా ఉన్నా విమానానికి పట్టదు, మన చెవికే పడుతుంది.

స్టార్ట్ చేసేటప్పుడు తోక ఒకరు గట్టిగా పట్టుకోవాలి. ఒక ఇంజన్ తిరుగుతుండగా రెండోదాన్ని తిప్పడానికి వెళ్లేటప్పుడు రెక్క చివర నుంచి వెనకగా చుట్టి రండి, రెండు ప్రొపెల్లర్ల మధ్య నుంచి ఎవ్వరూ రావొద్దు. 20 సీసీ ఇంజన్‌కు 16 అంగుళాల ప్రొపెల్లర్ ఉంటుంది, వేళ్లు అడగకుండానే తీసుకుంటుంది.

ఇక అసలు సంగతి. ఇంజన్ ఆగితే ముక్కు ఒక పక్కకు లాగుతుంది, శబ్దం మారుతుంది. ఏది ఆగిందో వెతకొద్దు. ముందు థ్రాటిల్ కిందకి. రెండు ఇంజన్లకూ ఒకే స్టిక్ కాబట్టి ఆ లాగుడు వెంటనే తగ్గుతుంది. తర్వాత ముక్కు కొంచెం దించి వేగం నిలుపుకోండి. ముక్కు తిరుగుతున్న వైపుకు ఎదురుగా రడ్డర్ (తోక మీది నిలువు పలక) ఇవ్వండి. ఒక రెక్క వాలుతోందని ఐలరాన్ (రెక్క చివరి పలక) ఒక్కదానితో లేపబోతే, వేగం తక్కువున్నప్పుడు అదే రెక్క స్టాల్ అయి, అంటే గాలి పట్టు తప్పి, ఇంకా కిందపడుతుంది. ఎత్తు ఉంటే, రడ్డర్ ఆపగలిగినంత మేరకే థ్రాటిల్ మళ్లీ ఇచ్చి, నడుస్తున్న ఇంజన్ వైపు పెద్ద వంపు తిరిగి దిగండి. టేకాఫ్‌లోనే ఆగితే వెనక్కి తిప్పొద్దు, ఎదురుగా ఏ చేను ఉంటే అందులోనే. రెక్కలు సమంగా ఉంటే గేర్ విరిగినా విమానం మిగులుతుంది.

ఇది చదివితే రాదు. ట్రాన్స్‌మిటర్‌లో ఒక స్విచ్ వేస్తే ఒక ఇంజన్ ఐడిల్‌కు పోయేలా పెట్టుకుని, 300 అడుగుల ఎత్తులో మీ తమ్ముడినో స్నేహితుడినో చెప్పకుండా స్విచ్ వేయమనండి. మొదటి మూడుసార్లు నా చేయి ఎలివేటర్ మీదకే పోయింది.

టేకాఫ్‌లో థ్రాటిల్ మూడు నాలుగు సెకన్లు తీసుకుని ఇవ్వండి, లేవగలిగాక కూడా ఇంకొంచెం నేల మీదే పరుగెత్తనిచ్చి, నిదానంగా ఎక్కించండి. పొద్దున్నే ఎగరేస్తే మంచిది, మన నల్లగొండ ఎండలో గాలి పలచబడి ఇంజన్ బలమూ రెక్క బలమూ రెండూ తగ్గుతాయి.

చోటు విషయానికొస్తే, వరి కోశాక పొలాలు ఖాళీగా కనిపిస్తాయి గానీ బోరు మోటార్ల కరెంటు తీగలు దూరానికి కనబడవు, ముందు రోజే నడిచి చూసుకోండి. గొర్ల మంద వస్తే ఆగండి. 25 కిలోల లోపు, కంటికి కనబడేంత దూరంలో, సరదాకు ఎగరేసేది 2021 డ్రోన్ నిబంధనల్లో మోడల్ కిందకే వస్తుంది, అయినా ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో ఆ చోటు గ్రీన్ జోనా (ముందస్తు అనుమతి అక్కర్లేని చోటా) కాదా చూసి, 400 అడుగులు దాటకుండా ఎగరేయండి. సాగర్ డ్యామ్ దగ్గర వ్యూ బాగుంటుందని అటు మాత్రం పోవద్దు.

ఇంటికొచ్చాక ట్యాంక్‌లో పెట్రోల్ వదిలేయకండి. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసింది, తేమ పీల్చి కార్బురేటర్ లోపలి డయాఫ్రమ్ పొరను గట్టిపరుస్తుంది. ట్యాంక్ ఖాళీ చేసి, పైపులో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్లు నడిపి ఆపండి. ఆ వదిలిన పెట్రోల్‌లో అప్పటికే ఆయిల్ ఉంటుంది, బండిలో పోయకండి, నేను పోశాను, వారం పొగ వచ్చింది.