ఎఫెక్టివ్ యాక్షన్ ప్రవాహం నుంచి క్రిటికల్ ఘాతాంకం రాబట్టడం ఎలా

నల్లగొండ మహాత్మా గాంధీ యూనివర్సిటీలోనో, మహబూబ్‌నగర్ పాలమూరు యూనివర్సిటీలోనో ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతూ క్వాంటమ్ ఫీల్డ్ థియరీని సొంతంగా పట్టుకుంటున్నవారి కోసం ఈ పాఠం. టేలర్ శ్రేణి, చిన్న మాత్రికల ఐగెన్ విలువలు వస్తే చాలు. లాప్‌టాప్ పాతదైనా పర్వాలేదు, పైథాన్, నంపై, సైపై ఉంటే సరి. ఫైన్‌మన్ డయాగ్రామ్‌లు రాకపోయినా ఆగనక్కర్లేదు. ఈ దారిలో అవి లేకుండానే చాలా దూరం పోవచ్చు.

మనకు కావలసింది ఒక్క సంఖ్య: మూడు కొలతల ఐసింగ్ తరగతిలో (పైకో కిందికో మాత్రమే తిరిగే స్పిన్‌ల నమూనాలా ప్రవర్తించే వ్యవస్థల్లో), క్రిటికల్ ఉష్ణోగ్రతకు దగ్గరవుతుంటే కొరిలేషన్ పొడవు (ఒకచోటి కదలిక ప్రభావం ఎంత దూరం పాకుతుందో ఆ దూరం) ఎంత వేగంగా పెరుగుతుందో చెప్పే ఘాతాంకం ‘న్యూ’. నీరు, ఆవిరి మధ్య తేడా పోయే చోటా, ఒకే అక్షం వెంట అయస్కాంతమయ్యే పదార్థాల్లోనూ ఇదే సంఖ్య పలుకుతుంది. మీన్ ఫీల్డ్ సిద్ధాంతం 0.5 అంటుంది. నేడు తెలిసిన మెరుగైన విలువ 0.630.

ముందు భావం. దేవరకొండ ఖిల్లా ఎక్కుతున్నకొద్దీ కింద వరి మొక్కలు విడివిడిగా కనబడటం మాని మళ్లు మాత్రమే మిగిలినట్టు, మొమెంటం స్కేలు ‘క’ను దించుతున్నకొద్దీ దానికంటే చిన్న దూరాల కదలికలన్నీ ఇంటిగ్రేట్ అయిపోయి, వాటి ప్రభావం మాత్రం యాక్షన్ గుణకాల్లో మిగులుతుంది. ఈ ఆలోచనను లెక్కగా మార్చిన కెన్నెత్ విల్సన్‌కు 1982లో నోబెల్ వచ్చింది. 1993లో క్రిస్టోఫ్ వెట్టరిష్ దానికి ఇచ్చిన రూపం ఇది: ఎఫెక్టివ్ యాక్షన్ (ఇలా ఇంటిగ్రేట్ చేశాక మిగిలిన యాక్షన్) మార్పు రేటు అంటే, యాక్షన్ రెండో అవకలనానికి రెగ్యులేటర్ (‘క’ కంటే తక్కువ మొమెంటం ఉన్న కదలికలను ఆపి ఉంచే పదం) కలిపి, దాని విలోమాన్ని రెగ్యులేటర్ మార్పు రేటుతో గుణించి, ట్రేస్ తీసి, సగం చేయడం. చూడటానికి ఒక లూప్ లెక్కలా ఉన్నా, లోపలున్నది పూర్తి ప్రొపగేటర్ (ఆ విలోమమే) కాబట్టి సమీకరణం కచ్చితమైనదే. ఉజ్జాయింపు మొదలయ్యేది యాక్షన్‌ను మనం కత్తిరించినప్పుడు. తప్పు ఎక్కడ చేరుతోందో ఇలా వేలు పెట్టి చూపించగలగడం ఈ పద్ధతిలో గొప్ప సుఖం.

సమీకరణం కట్టడం

గతిశక్తి పదాన్ని ముట్టుకోకుండా, పొటెన్షియల్ ఒక్కదాన్నే ప్రవహించనివ్వండి. దీన్ని లోకల్ పొటెన్షియల్ ఉజ్జాయింపు అంటారు. రెగ్యులేటర్‌గా డేనియల్ లిటిమ్ ఇచ్చినది తీసుకోండి: మొమెంటం ‘క’ కంటే తక్కువైతే క² నుంచి మొమెంటం వర్గం తీసేయగా మిగిలినది, ఎక్కువైతే సున్నా. మొదటిసారికి వేరేది వద్దు. దీనితో ప్రొపగేటర్‌లో మొమెంటం కొట్టుకుపోయి క² మిగులుతుంది, ఇంటిగ్రల్ కాస్తా గోళం ఘనపరిమాణం అవుతుంది. మూడు కొలతల్లో అది (4/3)పై·క³ ÷ (2పై)³ = క³/(6పై²). రెగ్యులేటర్ లాగరిథమిక్ అవకలనం 2క² ఇస్తుంది, ముందున్న సగం ఆ 2ను తినేస్తుంది.

తర్వాత పొటెన్షియల్‌ను క³తో, ఫీల్డ్‌ను క వర్గమూలంతో భాగించి కొలతలు తీసేయండి. ట = లాగ్(క/క₀) (క₀ మొదలుపెట్టిన స్కేలు), స = 1/(6పై²) ≈ 0.01689 అనుకుంటే:

∂వ/∂ట = −3వ + (ఫ/2)వ′ + స/(1 + వ″)

ఇక్కడ వ పొటెన్షియల్, ఫ ఫీల్డ్, ప్రైమ్ గుర్తు ఫ మీద అవకలనం. పెద్ద దూరాల వైపు పోతుంటే ట తగ్గుతుందని కాగితం పైన పెద్దగా రాసిపెట్టుకోండి. ఈ లెక్కలో ఎక్కువమంది తప్పేది ఈ గుర్తు దగ్గరే.

చేత్తో చేసే లెక్క

వ = (మ/2)ఫ² + (ల/24)ఫ⁴ అని పెట్టి, 1/(1 + వ″)ను ఫ ఘాతాల్లో విస్తరించి, రెండు వైపులా గుణకాలు సరిపోల్చండి.

∂మ/∂ట = −2మ − సల/(1+మ)²
∂ల/∂ట = −ల + 6సల²/(1+మ)³

ముందుకు పోయేముందు ఒక తనిఖీ తప్పనిసరి. నాలుగు కొలతల్లో స = 1/(32పై²), రెండో సమీకరణంలో −ల పదం ఉండదు. మ = 0 పెడితే ∂ల/∂ట = 3ల²/(16పై²) రావాలి. ఇది ఏ రెగ్యులేటర్‌తోనైనా మారని ఫలితం. సగమే వస్తే రెగ్యులేటర్ అవకలనంలో 2 పోగొట్టుకున్నట్టు. 9/(8పై²) వస్తే మీరు ల/24 బదులు ల/4 వాడారు. అది తప్పు కాదు, కానీ రెండు పద్ధతులూ ఒకే కాగితంలో కలిస్తే లెక్క మొత్తం పాడవుతుంది.

మళ్లీ మూడు కొలతలకు రండి. రెండు రేట్లూ సున్నా చేస్తే ల = (1+మ)³/(6స). దాన్ని మొదటిదాంట్లో పెడితే −12మ = 1 + మ. అంటే మ = −1/13, ల = పై²(12/13)³ ≈ 7.76. కెన్నెత్ విల్సన్, మైకేల్ ఫిషర్ 1972లో చూపించిన స్థిర బిందువుకు (ప్రవాహం కదలకుండా ఆగే చోటుకు) ఇది మొదటి ఉజ్జాయింపు. దీని చుట్టూ సరళీకరించిన మాత్రికలో వికర్ణం −5/3, 1. మిగతా రెండు గడుల లబ్ధం 1/2. ట్రేస్ −2/3, డిటర్మినెంట్ −13/6 కాబట్టి ఐగెన్ విలువలు −1.843, 1.176. ట తగ్గుతున్నప్పుడు పెరిగేది రుణ విలువ దిశ. అలాంటిది ఒక్కటే ఉండాలి, ఎందుకంటే ప్రయోగశాలలో సరిచేయాల్సింది ఉష్ణోగ్రత ఒక్కటే. రెండు రుణ విలువలు వస్తే మీరు నిలబడింది మ = ల = 0 దగ్గర, గాసియన్ బిందువు మీద. మన స్థిర బిందువు దగ్గరి ఆ ఒక్క రుణ విలువ పరిమాణానికి విలోమమే న్యూ: 1/1.843 = 0.543.

ఇక్కడే ఆగి సంబరపడకండి. (గ/720)ఫ⁶ కూడా చేర్చండి. ల సమీకరణానికి −సగ/(1+మ)² కలుస్తుంది, కొత్తగా

∂గ/∂ట = స[30లగ/(1+మ)³ − 90ల³/(1+మ)⁴]

వస్తుంది. ఇది కూడా చేత్తో తెగుతుంది: గ = 3ల²/(1+మ), ఆపైన మ = −1/7, ల ≈ 12.43. ఐగెన్ విలువలు 3ఐ³ − 35ఐ² − 26ఐ + 70 = 0 నుంచి −1.686, 1.13, 12.2. న్యూ 0.593. ఒక్క పదం చేర్చితే సమాధానం 0.05 కదిలింది, అంటే మొదటి సంఖ్యలో రెండో దశాంశం కూడా నమ్మదగింది కాదు. 12.2 లాంటి చివరి ఐగెన్ విలువకైతే ఇంకా అర్థం వెతకొద్దు, అది కత్తిరింపు అంచున పుట్టింది.

సున్నా చుట్టూ కాకుండా పొటెన్షియల్ కనిష్ఠం చుట్టూ విస్తరించమని చాలామంది చెబుతారు, అది మంచి సలహానే. కానీ ఫ²/2 లో రెండో ఘాతం దగ్గరే ఆపితే ఐగెన్ విలువలు సరిగ్గా −2, 1/3 వస్తాయి, న్యూ మళ్లీ 0.5. అది చూసి పద్ధతిని వదిలేయొద్దు. పదాలు పెంచుతూపోతే కనిష్ఠం చుట్టూ విస్తరణే త్వరగా కుదురుకుంటుంది. ఒక సంఖ్య తెలిసిన విలువకు దగ్గరగా ఉండటం వేరు, పదాలు పెంచినా కదలకుండా నిలబడటం వేరు. నమ్మాల్సింది రెండోదాన్ని.

కత్తిరించకుండా, లాప్‌టాప్‌లో

స్థిర బిందువు దగ్గర ∂వ/∂ట = 0. అప్పుడు

వ″ = స/(3వ − ఫవ′/2) − 1

మొదలు వ(0) = స/(3(1+మ)), వ′(0) = 0. మిగిలిన తెలియనిది మ ఒక్కటే. ఫీల్డ్‌ను √స తోనూ పొటెన్షియల్‌ను స తోనూ భాగిస్తే స స్థానంలో 1 వస్తుంది, సంఖ్యలు చక్కటి పరిమాణంలో ఉంటాయి. సైపైలోని సాల్వ్ ఐవీపీకి సాపేక్ష టాలరెన్స్ 10⁻¹⁰ ఇచ్చి, మ ను −0.3 నుంచి 0 వరకు 0.005 చొప్పున మారుస్తూ, పరిష్కారం ఏ ఫ దగ్గర పగిలిపోతుందో గీయండి. దాదాపు అన్ని విలువలకూ తొందరగానే పగులుతుంది. −0.186 దగ్గర మాత్రం సూదిలాంటి శిఖరం కనబడుతుంది. −0.077, −0.143 తర్వాత మెట్టు ఇదే. మ = 0 దగ్గర కనబడేది గాసియన్ బిందువు, దాన్ని పక్కన పెట్టండి. శిఖరం చుట్టూ అడుగు తగ్గిస్తూపోతే అంకెలు ఒక్కొక్కటిగా దొరుకుతాయి.

ఘాతాంకానికి ఈ పరిష్కారం మీద చిన్న కదలిక చ ను పెట్టండి (ఐ దాని ఐగెన్ విలువ):

చ″ = (1+వ″)²/స × [ఫచ′/2 − (ఐ+3)చ],  చ(0) = 1, చ′(0) = 0

మొదట ఐ = −3 పెట్టి చూడండి. చ అంతటా 1గా నిలవాలి. నిలవకపోతే గుర్తు ఎక్కడో తప్పింది. తర్వాత −2, −1 మధ్య వెతకండి. తప్పు ఐ కి చ పెద్ద ఫ దగ్గర పైకో కిందికో పేలుతుంది. సరైన విలువ దాటగానే ఆ దిశ మారుతుంది. అక్కడ బైసెక్షన్ చేస్తే ఐ ≈ −1.539, న్యూ ≈ 0.6496. ధన వైపు మొదటి విలువ 0.656.

ప్రవాహాన్నే నేరుగా గ్రిడ్ మీద నడిపేవారికి రెండు హెచ్చరికలు. ట తగ్గే దిశలో ఈ సమీకరణం వేడి వ్యాపించే సమీకరణంలా ప్రవర్తిస్తుంది, కాబట్టి సాదా ఆయిలర్ పద్ధతికి అడుగు (Δఫ)²(1+వ″)²/(2స) దాటకూడదు. 1+వ″ సున్నాకు దగ్గరైతే అడుగు కుంచించుకుపోతుంది. అక్కడ రాడావ్ లాంటి ఇంప్లిసిట్ పద్ధతికి మారండి. ట పెరిగే దిశలో మాత్రం నడపొద్దు: చెరిగిపోయిన వివరాలు వెనక్కి రావు, గుండ్రింపు దోషాలే పేలతాయి. రెండోది, మొదటి మ విలువను సరిచేయడం. ట 10 మేర తగ్గేసరికి మొదటి తప్పు సుమారు 49 లక్షల రెట్లు పెరుగుతుంది. కనీసం ఏడెనిమిది అంకెల దాకా బైసెక్షన్ చేయకపోతే ప్రవాహం స్థిర బిందువు దగ్గర ఆగదు.

0.6496కూ 0.630కూ ఉన్న తేడా మీ కోడ్ తప్పు కాదు. గతిశక్తి పదాన్ని మనం కదలనివ్వలేదు కాబట్టి ఫీల్డ్ అసాధారణ కొలత సున్నాగా ఉండిపోయింది, అసలు విలువ 0.0363. తర్వాతి మెట్టు గతిశక్తి గుణకాన్ని కూడా ప్రవహించనివ్వడం. దానికంటే ముందు ఇదే లెక్కను షార్ప్ కటాఫ్‌తో (‘క’ దగ్గర ఒక్కసారిగా తెగే రెగ్యులేటర్‌తో) చేసి చూడండి. న్యూ 0.69 దగ్గర వస్తుంది. ఆ 0.04 తేడా ఈ ఉజ్జాయింపు మీద పెట్టుకోగల నమ్మకానికి కొలత. మీ రిపోర్టులో ఘాతాంకం పక్కన దాన్నీ రాయండి.