ఆరుకు మూడు కలిస్తే చాలా? హెచ్‌ఎల్‌ఏ రిపోర్టు చదివే పద్ధతి

పర్లాకిమిడిలోని మా మందుల షాపుకు కాశీనగరం, గుణుపురం వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు కిడ్నీ మార్పిడి కోసం విశాఖ ఆసుపత్రిలో దాతకూ పేషెంటుకూ చేసిన పరీక్షల రిపోర్టులు నా ముందు పెడుతుంటారు. అక్కడ డాక్టరుగారిని అడగడానికి మొహమాటం. ఇక్కడికొచ్చాక, "ఆరుకు మూడే కలిశాయటమ్మా, కిడ్నీ నిలుస్తుందా?" అంటారు. ఎవరి కిడ్నీ ఎవరికి పెట్టాలో తేల్చేది డాక్టర్లే. అయితే కాగితంలో ఏముందో తెలిస్తే వాళ్లను ఏమి అడగాలో మీకు తెలుస్తుంది.

మన శరీరం పరాయి కణాన్ని గుర్తుపట్టేది ముఖ్యంగా హెచ్‌ఎల్‌ఏ గుర్తుల వల్ల. వాటి జన్యువులు ఆరో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. రిపోర్టులో ఏ, బి, డీఆర్ అనే వరుసలు, ఒక్కో వరుసలో రెండేసి అంకెలు కనిపిస్తాయి. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఆ ఆరూ ఇవే. అమ్మ నుంచి వచ్చే మూడూ ఒక కట్టగా, నాన్న నుంచి వచ్చే మూడూ ఒక కట్టగా దాదాపు ఎప్పుడూ కలిసే పిల్లలకు వస్తాయి. అందుకే తల్లి దాత అయితే సగం ఖాయంగా కలుస్తాయి. "మూడే" అని దిగులుపడే పని లేదు. తోబుట్టువుల మధ్య రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగోవంతు, ఒకటి కలిసే అవకాశం సగం, ఏదీ కలవకపోయే అవకాశం మరో నాలుగోవంతు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. కలిసినవి లెక్కపెట్టకండి. దాత వరుసలో ఉండి పేషెంటు వరుసలో లేని అంకెల కింద గీత పెట్టండి. పేషెంటు శరీరానికి పరాయివి అవే. ఉదాహరణకు పేషెంటుకు ఏ వరుసలో 2, 24 ఉన్నాయి; దాతకు 24 ఒక్కటే రాసి పక్కన అడ్డగీత ఉంది. అంటే సాధారణంగా దాతకు అమ్మానాన్నలిద్దరి నుంచీ 24 వచ్చిందని. ఒక్కటే కలిసిందని అనిపిస్తుంది గానీ, ఆ వరుసలో పరాయిది ఒక్కటీ లేదు. వాళ్లిద్దరి పాత్రలూ మార్చి చూడండి, 2 పరాయిదవుతుంది.

మేనరికాలున్న ఇళ్లలో ఈ అడ్డగీతలు ఎక్కువగా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. మామూలుగా భార్యాభర్తలకు జన్యుసంబంధం ఉండదు. అదే మేనమామను చేసుకున్న అమ్మాయికీ ఆయనకూ ఒక కట్ట కలిసే అవకాశం సగం. మేనబావ అయితే నాలుగోవంతు. కాబట్టి మేనరికమైతే ఆ మాట డాక్టరుగారికి చెప్పండి, సిగ్గుపడవలసిన విషయం కాదు. రిపోర్టులో డీక్యూ అనే మరో హెచ్‌ఎల్‌ఏ వరుస లేకపోతే దాని గురించి తప్పక అడగండి. మార్పిడి అయ్యాక కొత్తగా పుట్టే యాంటీబాడీలు (పరాయి గుర్తుల మీద దాడికి శరీరం తయారుచేసే పదార్థాలు) ఎక్కువగా డీక్యూ మీదే పుడతాయి.

ఇంతా చేసి, నా దృష్టిలో ఈ అంకెల కన్నా రెండో కాగితం ముఖ్యం. దాత గుర్తుల మీద పేషెంటు రక్తంలో ఇప్పటికే యాంటీబాడీలు తయారై ఉన్నాయా అన్నది అందులో ఉంటుంది. క్రాస్‌మ్యాచ్, డీఎస్ఏ అనే పేర్లు వెతకండి. మొదటిది పేషెంటు రక్తాన్ని దాత కణాలతో కలిపి చూసే పరీక్ష, పాజిటివ్ అంటే పడలేదని. రెండోది దాత గుర్తుల మీద ఉన్న యాంటీబాడీల పేరు. 1969లో పటేల్, టెరసాకి అనే పరిశోధకులు ప్రచురించిన లెక్కలో క్రాస్‌మ్యాచ్ పాజిటివ్‌గా ఉన్నా కిడ్నీ పెట్టిన 30 మందిలో 24 మందికి అది వెంటనే పాడైంది. నెగటివ్‌గా ఉన్న 195 మందిలో 8 మందికే అలా జరిగింది. ఆ తరువాతే ఈ పరీక్ష లేకుండా ఆపరేషన్ చేయడం ఆగిపోయింది.

ఆ యాంటీబాడీలు రక్తం ఎక్కించినప్పుడు, గర్భం వచ్చినప్పుడు, ముందు ఒకసారి మార్పిడి జరిగి ఉంటే పుడతాయి. కడుపులోని బిడ్డలో సగం తండ్రి గుర్తులే కదా. అందుకే భార్యకు భర్తగానీ పిల్లలుగానీ ఇస్తామన్నప్పుడు జాగ్రత్త ఎక్కువ కావాలి. మా వదిన విషయంలో ఇదే అయింది. అన్నయ్య ముందుకొచ్చాడు, బ్లడ్ గ్రూపు కుదిరింది, క్రాస్‌మ్యాచ్ మాత్రం పాజిటివ్. చివరికి ఆమె తమ్ముడి కిడ్నీ పెట్టారు. అత్తగారు పక్కన కూర్చుంటే ఏ కోడలూ పాత గర్భస్రావం సంగతి చెప్పదు. పేషెంటు ఆడమనిషి అయితే డాక్టరుగారితో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

బరంపురంలో కాన్పుకో డయాలసిస్‌కో చేరి ఉంటే ఆ డిశ్చార్జి కాగితాలు పట్టుకెళ్లండి, ఎప్పుడెప్పుడు రక్తం ఎక్కించారో వాటిలో ఉంటుంది. మనవైపు ఇంకో చిక్కు ఉంది: ఒడియా కాగితాల్లో ఇంటిపేరు చివర, తెలుగు కాగితాల్లో ముందు. ఆధార్‌లో ఎలా ఉందో అలాగే మొదటి రోజే రాయించండి. రక్తం తీసేటప్పుడు ట్యూబు మీది పేరు మీరే చదివి చూడండి. పేషెంటు ట్యూబు, దాత ట్యూబు ఒకే ఇంటిపేరుతో పక్కపక్కన ఉంటాయి. పరీక్ష తరువాత మళ్లీ రక్తం ఎక్కించారా? ఆపరేషన్‌కు ముందే చెప్పండి, క్రాస్‌మ్యాచ్ తిరిగి చేయవలసి రావచ్చు.

రక్తసంబంధీకులే దాతలైతే ఇంకో మాట. కిడ్నీలో నీటితిత్తుల జబ్బు, అంటే పాలీసిస్టిక్, తండ్రికో తల్లికో ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగం. అలాంటి కుటుంబంలో దాతకు స్కానింగు, అవసరమైతే జన్యు పరీక్ష అయ్యాకే మిగతా మాటలు.

ఆపరేషన్ అయ్యాక జన్యువుల పాత్ర మాత్రలోకి వస్తుంది. శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించకుండా వాడే టాక్రోలిమస్ మందును కరిగించే సీవైపీ3ఏ5 అనే ఎంజైము కొందరిలో చురుగ్గా పనిచేస్తుంది. వాళ్లకు రక్తంలో మందు అదే స్థాయిలో నిలవాలంటే మోతాదు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు పడుతుంది. కనుక పక్కింటాయన ఎన్ని మిల్లీగ్రాములు వేసుకుంటున్నాడో మీకు అనవసరం. స్థాయి పరీక్షకు ఉదయం మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వండి, మాత్రను జేబులో పెట్టుకుని వెళ్లండి. పంపర పనస మానేయండి. ఆ జాతి పళ్లు మందు స్థాయిని పెంచుతాయి. షాపులో మీ కంపెనీ మందు దొరక్క వేరేది ఇస్తే డాక్టరుగారికి ఫోను చేయకుండా మొదలుపెట్టకండి. మా షాపైనా సరే.