పలాస జీడిపప్పూ, నా పొట్టా

మాది పలాస పక్కనే. ఇంట్లో బియ్యం నిండుకున్నా జీడిపప్పు నిండుకోదు. బరువు తగ్గాలని రాత్రి అన్నం మానేసి రెండు పుల్కాలకు దిగాను, పొద్దున్నే నడక కూడా. నెలన్నరైనా కాటా ముల్లు కదల్లేదు.

దొంగ టీవీ ముందు దొరికాడు. ఒళ్లో డబ్బా, చెయ్యి దానంతటదే లోపలికి పోతోంది. ఓరోజు మా ఆవిడ, "ఏటండీ, సోమవారం నింపిన డబ్బా గురువారానికే అడుగు కనబడతంది?" అంది. ఆ డబ్బా పట్టేది అరకిలో! జీడిపప్పు 100 గ్రాములకు దాదాపు 550 కేలరీలు. మానేసిన అన్నం కంటే ఎక్కువే మింగుతున్నానన్నమాట. మధ్యలో నోటికి తీపి తగలాలని కిస్‌మిస్ ఒకటి. అది 100 గ్రాములకు 300. తాజా ద్రాక్షయితే 70 లోపే. నీళ్లు పోయి చక్కెర మిగిలిన సరుకు మరి.

పూర్తిగా మానడం మా ఊళ్లో అయ్యే పని కాదు. వంటింటి కాటా మీద 25 గ్రాములు తూచాను. పదిహేడు గుండ్లు వచ్చాయి. చట్నీ వేసుకునే చిన్న స్టీలు గిన్నెలో అవే, సాయంత్రం నాలుగింటికి, టీవీ కట్టేసి ఒక్కొక్కటీ నమిలి. వేయించి ఉప్పు చల్లినవి ఆపేశాను, అవి ఒకటితో ఆగనివ్వవు. డబ్బా అటకెక్కింది. రెండు నెలల్లో మూడు కిలోలు దిగాను.

జీడిపప్పు కూర వండిన రోజు మాత్రం గిన్నె బోర్లా పడుకుంటుంది.