వానాకాలంలో మీల్‌వార్మ్ డబ్బాకి బూజు పట్టకుండా

మా కాకినాడలో జూన్ దాటితే డబ్బాలో పెట్టిన అప్పడాలే మెత్తబడిపోతాయి, ఇక గోధుమ పొట్టు సంగతి చెప్పాలా? ఫించ్ పిట్టల మేత కోసం మూడేళ్లుగా ఇంట్లో మీల్‌వార్మ్‌లు పెంచుతున్నాను. పేరులో వార్మ్ ఉన్నా ఇవి వానపాముల జాతి కాదు, ఒక నల్ల పెంకుపురుగు పిల్లలు. గోధుమ పొట్టులోనే ఉంటూ దాన్నే తింటాయి. మొదటి వానాకాలంలో నా మూడు డబ్బాల్లో రెండు బూజు పట్టి పోయాయి.

ముందు అది బూజేనా కాదా చూసుకోండి. కుబుసం విడిచిన పురుగు కొన్ని గంటలు తెల్లగా, మెత్తగా ఉంటుంది. అది తెలియక మంచి పురుగుల్ని నేనే ఏరి పారేశాను. బూజైతే క్యారెట్ ముక్క చుట్టూ దూదిపోగుల్లా అల్లుకుంటుంది, పొట్టు ఉండలు కడుతుంది, మూత తీయగానే ముక్కవాసన కొడుతుంది. డబ్బా గోడ మీద సన్న దుమ్ములా ఉండి, భూతద్దంలో చూస్తే కదులుతోందా? అది బూజు కాదు, పిండినల్లి (మైట్), మంచాల్లో ఉండే నల్లి కాదు. రెండూ తేమ ఎక్కువైతేనే వస్తాయి.

వానగాలి చెమ్మకి తోడు, ఆ తేమ ఎక్కువగా మనం పెట్టే కూరముక్కల వల్ల వస్తుంది. వీటికి నీళ్లగిన్నె పెట్టకూడదు, పైన నీళ్లు చిలకరించనే కూడదు. క్యారెట్టో బంగాళాదుంపో చాలు. నేను గోరంత మందాన చక్రాలు తరిగి, గంటసేపు ఫ్యాను కింద ఆరనిచ్చి, పొట్టు మీద కాకుండా సీసామూతలో పెడతాను. పొట్టుకి తడి తగలకపోతే సగం గొడవ ఉండదు. సాయంత్రం పెట్టింది మర్నాడు పొద్దున తీసేస్తాను, తిన్నా తినకపోయినా. వారానికి రెండుసార్లు చాలు, ముసురు పట్టినప్పుడు ఒక్కసారే. దోసకాయ, పుచ్చకాయ మాత్రం వద్దు, వాటిలో ఉన్నదంతా నీళ్లే.

పొట్టు సంగతి. చవకని వరి తవుడు వాడి దెబ్బతిన్నాను. అందులో నూనె ఉంటుంది కాబట్టి తొందరగా పాడైన నూనె వాసన వస్తుంది, చెమ్మకి ముద్దవుతుంది. పశువుల దాణా కొట్లో దొరికే గోధుమ పొట్టు మేలు. తెచ్చాక మూకుట్లో సన్నసెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో పొయ్యండి. వేడిగా ఉండగా మూత పెడితే ఆవిరి పట్టి మనమే తడిపినట్టవుతుంది. రెండు వేళ్ల మందం దాటించకండి. మూత మధ్యలో కోసేసి స్టీలు జాలీ అతికించండి, గాలి ఆడుతుంది, బల్లులు కూడా దూరవు.

బూజు వచ్చేసిందనుకోండి. ఒక్కచోటే ఉంటే చుట్టూ అంగుళం పొట్టుతో సహా చెంచాతో తీసి కవర్లో కట్టి పారెయ్యండి. ఉండలు అక్కడక్కడా కనబడితే జల్లెడ పట్టాలి. అప్పుడు ముక్కుకి మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ముకి నాకు రెండు రోజులు తుమ్ములు ఆగలేదు. జల్లెడలో నిలిచిన పురుగుల్ని పొడి డబ్బాలోకి మార్చి, నల్లబడి చచ్చినవి ఏరెయ్యండి. కింద పడ్డ పొట్టులో గుడ్లు, సన్న పిల్లలు ఉంటాయి. అది శుభ్రంగా ఉంటే కాగితం మీద పల్చగా పరిచి నీడలో ఆరబెట్టండి. ఎండలో వద్దు. నేను డబ్బాతో సహా మేడమీద పెడితే గంటలో సగం పురుగులు ఉడికిపోయాయి. ఖాళీ డబ్బాని మాత్రం సబ్బుతో కడిగి ఎంతసేపైనా ఎండబెట్టుకోవచ్చు.

పచ్చగానో నల్లగానో పొడి రాలుతూ డబ్బా అంతా పాకితే ఆశ వదులుకోండి. అలాంటి బూజుల్లో కొన్ని విషం తయారుచేస్తాయి, ఆ పురుగుల్ని పిట్టలకి పెట్టకండి. బతికుండగా చెత్తలో పొయ్యకండి కూడా, నిల్వ ధాన్యానికి ఇవి చీడ. కవర్లో కట్టి రెండు రోజులు ఫ్రీజర్లో పెట్టి పారేస్తాను. మా అత్తగారికి తెలియకుండా పెట్టి ఒకసారి బాగా చీవాట్లు తిన్నాను, ఇప్పుడు కవరు మీద పేరు రాస్తున్నాను.

కొత్త పొట్టులోకి మార్చాక మూడు రోజులు క్యారెట్ పెట్టకండి. పురుగులు ఓర్చుకుంటాయి. నాలుగో రోజు పొట్టు పిడికిట్లో నొక్కి వదిలితే పొడిపొడిగా రాలాలి, అప్పుడు ఒక్క ముక్క పెట్టండి.